పాలసీ తీసేయకు, ముందు లాగ్ చదువు

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం అందింది. కొత్తగా చేరిన వాళ్ల డాక్యుమెంట్స్ ఫోల్డర్ సర్వర్‌కి వెళ్లకుండా కంప్యూటర్‌లోనే ఉండిపోతోందని, పాతవాళ్లకి ఏ ఇబ్బందీ లేదని రాశావు. డాక్యుమెంట్స్ లాంటి ఫోల్డర్లని సర్వర్‌కి మళ్లించే ఫోల్డర్ రీడైరెక్షన్ పాలసీని ఒకసారి తీసేసి మళ్లీ పెడదామా అని అడిగావు. వద్దురా, ఆ పని మాత్రం చేయకు. పాలసీ తీసేస్తే ఫోల్డర్ ఏమవ్వాలో దాని సెట్టింగ్స్‌లోనే ఉంటుంది. ఉన్నచోటే వదిలేయమనైనా ఉంటుంది, కంప్యూటర్‌లోని సొంత ప్రొఫైల్‌కి తిరిగి మళ్లించమనైనా ఉంటుంది. నీ దగ్గర రెండోది పెట్టి ఉంటే, చక్కగా పనిచేస్తున్న పాతవాళ్ల ఫైళ్లు కూడా వాళ్ల వాళ్ల కంప్యూటర్లకి కాపీ అవుతాయి. సర్వర్‌లో ఒక ప్రతి, ఇక్కడ ఒక ప్రతి. వాటిలో తాజాది ఏదో తేల్చేసరికి తల ప్రాణం తోకకి వస్తుంది.

ముందు ఆ కొత్తవాళ్ల ఫైళ్లు నిజంగా ఎక్కడున్నాయో చూడు. డాక్యుమెంట్స్ ప్రాపర్టీస్‌లో లొకేషన్ అని ఉంటుంది కదా, అది చెబుతుంది. విండోస్ తన సెట్టింగ్స్ దాచుకునే రిజిస్ట్రీలో యూజర్ షెల్ ఫోల్డర్స్ కింద కూడా దొరుకుతుంది, కాకపోతే అక్కడ డాక్యుమెంట్స్‌ని పర్సనల్ అనే పేరుతో వెతకాలి. చోటు తెలిశాక ఆ ఫైళ్లన్నిటినీ వేరే చోటికి కాపీ చేసి పెట్టు. వాళ్ల పనంతా అందులోనే ఉంది, మిగతాదంతా ఆ తర్వాతే.

ఇక విండోస్ లాగ్‌లు చూపించే ఈవెంట్ వ్యూయర్ తెరిచి అప్లికేషన్ లాగ్‌లో ఫోల్డర్ రీడైరెక్షన్ పేరుతో వచ్చిన 502 నంబరు ఎర్రర్ కోసం చూడు. చాలామంది ‘విఫలమైంది’ అన్న మొదటి ముక్క చూసి మూసేస్తారు. అసలు కారణం చివర్లో ఉంటుంది. ఈ సెక్యూరిటీ ఐడీని (అంటే ఖాతాకి విండోస్ ఇచ్చే గుర్తింపుని) ఓనర్‌గా పెట్టడం కుదరదన్న అర్థం వచ్చే మాట కనిపిస్తే నీ సమస్య దొరికినట్టే. కొత్తవాళ్ల పేర్లతో సర్వర్‌లో ఫోల్డర్లు ముందే తయారుచేసి పెట్టామని రాశావు చూడు, నా అనుమానమంతా దాని మీదే. వాటిని చేసింది అడ్మినిస్ట్రేటర్ కాబట్టి ఓనర్ కూడా అడ్మినిస్ట్రేటరే. పాలసీలో ఫోల్డర్ మీద ఆ యూజర్‌కి మాత్రమే హక్కులు ఇవ్వమనే టిక్కు మొదటి నుంచీ పెట్టే ఉంటుంది. ఆ టిక్కు ఉన్నంత కాలం ఫోల్డర్ ఆ మనిషి సొంతమో కాదో విండోస్ చూస్తుంది, సొంతం కాకపోతే అక్కడే ఆగిపోతుంది.

ఫోల్డర్లు ఖాళీగా ఉంటే నిస్సంకోచంగా తీసేయ్. లాగిన్ అయినప్పుడు విండోసే ఆ మనిషి పేరు మీద తయారుచేసుకుంటుంది. ఏమైనా ఉంటే ఓనర్‌ని ఆ యూజర్‌కి మార్చు. వీటన్నిటికీ పైనున్న షేర్ ఫోల్డర్‌లో యూజర్లకి కొత్త ఫోల్డర్ సృష్టించే అనుమతి ఆ ఒక్క ఫోల్డర్ వరకే ఉండాలి, క్రియేటర్ ఓనర్‌కి (అంటే ఫోల్డర్‌ని సృష్టించిన వాళ్లకి) కింది ఫోల్డర్ల మీద, ఫైళ్ల మీద పూర్తి అనుమతి ఉండాలి. ఇంకొకటి, పాతవాళ్ల ఫోల్డర్ తెరుచుకోవడం లేదని అడ్మిన్ ఖాతాతో ఓనర్‌షిప్ తీసుకోవద్దని మీ వాళ్లందరికీ గట్టిగా చెప్పు. అలా తీసుకుంటే ఈ రోజు బాగున్నవాళ్లకి రేపు ఇదే గొడవ మొదలవుతుంది.

సరిచేశాక పాలసీలని అప్పటికప్పుడు తాజా చేసే జీపీఅప్‌డేట్ కమాండ్ కొట్టి ఫలితం కోసం చూడకు. ఈ పాలసీ లాగిన్ సమయంలోనే అమలవుతుంది, పైగా లాగిన్ వేగంగా జరగాలని విండోస్ నెట్‌వర్క్ కోసం ఆగదు కాబట్టి ఒక్కోసారి రెండు లాగిన్లు పడతాయి. నెట్‌వర్క్ వచ్చేదాకా ఆగమనే పాలసీ పెడితే ఆ తికమక ఉండదు.

502 అసలు కనిపించకపోతే పాలసీ వాళ్లదాకా చేరలేదేమో. ఆ యూజర్ లాగిన్‌లోనే ఏయే పాలసీలు అందాయో చెప్పే జీపీరిజల్ట్ నివేదిక తీసి చూడు. 2016 జూన్ భద్రతా అప్‌డేట్ నుంచి విండోస్ యూజర్ పాలసీలని కూడా కంప్యూటర్ ఖాతాతోనే చదువుతుంది. పాలసీని ఒక గ్రూపుకే పరిమితం చేసి ఉంటే, కంప్యూటర్లకి చదివే అనుమతి ఉందో లేదో చూసుకో.

సర్వర్ ఫైళ్ల ప్రతులని కంప్యూటర్‌లో దాచే ఆఫ్‌లైన్ ఫైల్స్ క్యాష్‌ని ఫార్మాట్ చేయమని ఎవరైనా సలహా ఇస్తే వినకు. సర్వర్‌కి ఇంకా చేరని మార్పులు అందులోనే ఉంటాయి, ఫార్మాట్ చేస్తే అవన్నీ పోతాయి. ఆ మార్పులు సర్వర్‌కి చేరాయో లేదో చూపే సింక్ సెంటర్‌లో పెండింగ్ ఏదీ లేదని నీ కళ్లతో చూశాకే ఆ ఆలోచన.

502లోని వాక్యం మొత్తం, ఆ ఫోల్డర్ల ఓనర్ ఎవరో రాసి పంపు. షేర్ మీద ఇచ్చిన అనుమతులు కూడా రాయి, నేనూ చూస్తాను.

ఇట్లు,
నీ మిత్రుడు