ఆ చేతిరాత పుస్తకం ఇచ్చిన పెద్దాయనకు

విజయనగరంలో మా వకీలు గుమాస్తాల సంఘానికి కార్యదర్శిగా ఒప్పుకున్న కొత్తలో, 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన క్రిమినల్ చట్టాల మీద కొత్తవాళ్లకు క్లాసు పెట్టాను. సరిగ్గా మొదలుపెట్టే వేళకి కరెంటు పోయింది. నోట్సంతా ల్యాప్‌టాప్‌లోనే, అందులో ఛార్జింగ్ లేదు. టెన్షన్‌తో నోరు పెగల్లేదు.

వెనక బల్ల మీంచి ఒక సీనియర్ గుమాస్తా గారు లేచొచ్చి తన నోటుబుక్కు నా ముందు పెట్టారు. పాత సెక్షన్ పక్కనే ఎర్ర సిరాతో కొత్తది. ముందస్తు బెయిలుకు 438 పోయి 482, సెషన్స్ కోర్టులో బెయిలుకు 439 పోయి 483.

"నువ్వే చెప్పమ్మా, నేను పక్కన ఉంటాను" అన్నారు. మోకాళ్ల నొప్పితోనే గంటసేపు నిలబడ్డారు. నాకన్నా ఎంతో బాగా చెప్పగలరు, అయినా మాట నాకే వదిలారు.

ఆ పేజీలు జెరాక్సు తీయించి అందరికీ పంచాం. బాబాయ్ గారూ, మీకు నా నమస్కారాలు.