ఫ్యామిలీ జోన్ టికెట్ల తేడా సొమ్ము వాపసు కోసం ఫిర్యాదు

హైదరాబాద్

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: గత నెల రెండో శనివారం ఔటర్ రింగ్ రోడ్డు పక్క మైదానంలో మీరు జరిపిన సంగీతోత్సవం. ఫ్యామిలీ జోన్‌లో సౌండ్, తాగునీరు, చేతిపట్టీ చెల్లింపుల్లో లోపాలు.

ఆర్యా,

ఇంట్లో పిల్లల్ని చూసుకుంటూ దూరవిద్యలో డిగ్రీ పూర్తిచేసిన ఆరుగురం కలిసి మీ ఉత్సవానికి 13 ఫ్యామిలీ జోన్ టికెట్లు కొన్నాం. పెద్దలం ఆరుగురం, పిల్లలు ఏడుగురు. మాలో ఒకరిది సౌండ్ సర్వీస్, మరొకరు ఈఎన్‌టీ వార్డులో నర్సు. అందుకని ఊరికే "బాగోలేదు" అని కాకుండా కొలిచినవి కొలిచినట్టు రాస్తున్నాం.

మామూలు టికెట్ 1,299 రూపాయలు, ఫ్యామిలీ జోన్ 2,499. ఆ 1,200 తేడాకు మీ ప్రకటనలో నాలుగు చెప్పారు: తక్కువ శబ్దం, కూర్చునే చోటు, తాగునీరు, పిల్లల టాయిలెట్. కూర్చునే చోటు ఇచ్చారు. పచ్చ కార్పెట్, బీన్ బ్యాగులు, చుట్టూ తాడు. బీన్ బ్యాగులు బాగున్నాయి, ఆ మాట దాచం.

ముందు సౌండ్ సంగతి. మిగతావాటికి ఏదో ఒక సర్దుబాటు చెప్పగలరేమో గానీ దీనికి చెప్పలేరు. జోన్‌ను స్టేజీకి సుమారు 70 మీటర్ల దూరాన పెట్టారు. అంతవరకు సరైన పనే. కానీ వెనక వరస జనానికి పాట వినిపించడానికి నిలబెట్టిన స్పీకర్ల స్తంభం, అంటే డిలే టవర్, కూడా సరిగ్గా అక్కడే ఉంది. తాడుకూ టవర్ స్పీకర్లకూ మధ్య 6 మీటర్లు. స్టేజీ హోరు తప్పించి తెచ్చి ఇంకో స్పీకరు నోటి ముందు కూర్చోబెట్టారన్నమాట. తాడు దగ్గర ఫోన్ యాప్‌తో 15 నిమిషాల సగటు తీస్తే 103 డెసిబెల్స్ వచ్చింది. ఫోన్ మైకు రెండు మూడు అటూ ఇటూ చూపిస్తుందని మాకూ తెలుసు. అది తీసేసినా 100 దగ్గరే తేలుతుంది. కచేరీ వేదికల్లో 15 నిమిషాల సగటు 100 దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లోనే ప్రమాణం పెట్టింది. పని ప్రదేశాలకు అమెరికా ప్రభుత్వ వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ నియోష్ ఇచ్చిన లెక్క ఇంకా కఠినం: 85 డెసిబెల్స్ అయితే 8 గంటలు, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కు ఆ సమయం సగమవుతుంది. 100 దగ్గర 15 నిమిషాలు, 103 దగ్గర ఏడున్నర. రెండు పాటలు ముగిసేసరికే చెవికి ఆ రోజు కోటా అయిపోయింది. అది పెద్దల చెవుల లెక్క. మా పిల్లల్లో చిన్నవాడికి ఆరేళ్లు.

దీనికి మందు ఖరీదైనది కాదు. ఆరుబయట స్పీకరు నుంచి దూరం రెట్టింపైన ప్రతిసారీ సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతాయి. 6 మీటర్ల నుంచి 12కు, 12 నుంచి 24కు జరిపితే టవర్ వాటా 91కి దిగుతుంది. స్టేజీ నుంచి వచ్చేది కొంత కలిసినా గొంతు పెంచితే పక్కనున్న మనిషికి మాట వినిపిస్తుంది. ఎడమవైపు ఆ మాత్రం జాగా ఉంది కూడా, కాకపోతే అందులో స్పాన్సర్ కారును రిబ్బన్ కట్టి నిలబెట్టారు.

శబ్దం ఒక ఎత్తు, పాట అర్థం కాకపోవడం ఇంకో ఎత్తు. 25 డిగ్రీల వేడిలో ధ్వని సెకనుకు దాదాపు 346 మీటర్లు పోతుంది. స్టేజీ నుంచి 70 మీటర్లు రావడానికి సుమారు 202 మిల్లీసెకన్లు. టవర్‌కు వెళ్లే సిగ్నల్‌ను ప్రాసెసర్‌లో అంతసేపు ఆపి వదలాలి. టవర్‌కు ఆ పేరు వచ్చిందే అందుకు. ఆ రోజు ఆపలేదు. టవర్ నుంచి పాట ముందొచ్చింది, స్టేజీ నుంచి అదే పాట ఐదో వంతు సెకను ఆలస్యంగా వచ్చింది. పల్లవిలో ప్రతి మాటా రెండుసార్లు, డ్రమ్ దెబ్బ ఒకటి కొడితే రెండు. మూడు గంటలు అలాగే. మీ వాలంటీరును రెండుసార్లు పంపితే "కన్సోల్ దగ్గర అంతా బాగానే వినిపిస్తోంది సార్" అని జవాబు తెచ్చాడు. కన్సోల్ అంటే సౌండ్ నడిపే బల్ల. అది టవర్‌కు ముందు, స్టేజీ వైపు ఉంటుంది, టవర్ స్పీకర్లు వెనక్కి చూస్తుంటాయి. అక్కడ కూర్చున్న ఇంజినీరుకు బాగానే వినిపిస్తుంది మరి. సౌండ్ చెక్‌లో ఒక క్లిక్ వదిలి, ఎవరో ఒకరు టవర్ ముందు నిలబడి, రెండు టిక్కులూ ఒక్కటయ్యేదాకా డిలే పెంచితే చాలు. పైన ఇంకో 10, 15 మిల్లీసెకన్లు కలిపితే పాట స్టేజీ నుంచే వస్తున్నట్టు ఉంటుంది. ఐదు నిమిషాల పని.

జోన్ కౌంటర్‌లో 200 రూపాయలకు అమ్మిన ఫోమ్ ఇయర్‌ప్లగ్గులు పెద్దల సైజువి. వాటిని వేళ్ల మధ్య సన్నగా నలిపి, రెండో చేత్తో చెవి డొప్పను పైకీ వెనక్కీ లాగి, లోపల పెట్టి, ఉబ్బేదాకా అర నిమిషం వేలితో అదిమి పట్టాలి. కౌంటర్‌లో ఉన్న అబ్బాయి నలపకుండానే పిల్లవాడి చెవి మొదట్లో దూర్చి పంపాడు. తల తిప్పగానే కింద పడింది. ఇంకా చిన్నపిల్లలైతే నోట్లో పెట్టుకుంటారు. పిల్లలకు కావలసింది చెవుల మీద కప్పే ఇయర్‌మఫ్స్. డిపాజిట్ తీసుకుని అద్దెకిచ్చినా సరిపోయేది.

ఇక నీళ్లు. గేటు దగ్గర ఖాళీ సీసా కూడా రానివ్వలేదు, మా పిల్లల మూడు స్కూలు బాటిళ్లు చెత్తబుట్టలో పడ్డాయి. లోపల ఉచిత నీటి డ్రమ్ము ఒక్కటే, ఏడు గంటలకే అడుగంటింది. కొనుక్కుందామంటే డబ్బు చెల్లదు, చేతిపట్టీలో కనీసం 500 వేయించాలి. ఏడున్నర నుంచి కౌంటర్లలో పట్టీ నుంచి డబ్బు తీసుకునే మిషన్లు తిరుగుతూనే ఉన్నాయి గానీ బిల్లు కాలేదు. ప్రతి బిల్లుకూ మీ మిషన్ సర్వర్‌ను అడగాలి, అది నడిచేదేమో అక్కడున్న జనమంతా వీడియోలు పంపుతున్న అదే మొబైల్ నెట్‌వర్క్ మీద. బ్యాలెన్స్‌ను పట్టీలోని చిప్‌లోనే రాసే ఆఫ్‌లైన్ పద్ధతి పెట్టినా, కౌంటర్లకు కేబుల్ ఇంటర్నెట్ లాగినా ఈ తంటా ఉండేది కాదు. 20 రూపాయల నీళ్ల కోసం 40 నిమిషాలు క్యూలో నిలబడ్డాం. మిగిలిన డబ్బు వెనక్కివ్వడానికి పట్టీకి 100 కోత అని తర్వాత మెయిల్ పంపారు. టికెట్ కొన్నప్పుడు ఆ మాట ఎక్కడా లేదు.

పిల్లల టాయిలెట్ అని బోర్డు ఉంది, తలుపుకు తాళం ఉంది.

అన్నిటికన్నా భయపెట్టింది దారి. జోన్‌కు ఒక్కటే దారి, అదీ స్టేజీ వైపు జనంలోకి తెరుచుకుంటుంది. వెనక అత్యవసర ద్వారానికి గొలుసు వేసి ఉంది. చదరపు మీటరుకు ఐదారుగురు చేరితే మనిషి తన కాళ్ల మీద తాను నడవలేడు, గుంపు ఎటు తోస్తే అటే. అందులోంచి పిల్లను చంకనెత్తుకుని ఎటు పోవాలి? పిల్లల పట్టీల మీద ఫోన్ నంబరు బాల్‌పెన్నుతో రాయించారు, చెమటకు గంటలో చెరిగిపోయింది. పర్మనెంట్ మార్కర్ ధర ఎంతో మీకు తెలియంది కాదు.

మేం అడిగేది ఇది. ఒక్కో టికెట్‌పై తేడా 1,200 చొప్పున 13 టికెట్లకు 15,600 రూపాయలు. మా ఆరు పట్టీల్లో మిగిలిన 1,840 కోత లేకుండా. మొత్తం 17,440, కొన్న ఖాతాలకే తిరిగి వేయాలి. కూపన్లు, వచ్చే ఏడాది పాసులు వద్దు. దాంతోపాటు టవర్ డిలే ఎందుకు పెట్టలేదో, గొలుసు ఎవరు వేయించారో రాతపూర్వకంగా చెప్పాలి.

ఈ లేఖ అందిన 15 రోజుల్లో జవాబు రాకపోతే 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేస్తాం. ఆపైన వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద సేవాలోపం అని జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాం. మేం ఉంటున్న జిల్లాలోనే వేసుకోవచ్చు, చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు కనుక ఫీజు కూడా లేదు.

జతపరిచినవి: టికెట్ రసీదులు, డెసిబెల్ యాప్ స్క్రీన్‌షాట్లు, గొలుసు వేసిన ద్వారం ఫోటో, రెండుసార్లు వినిపిస్తున్న పాట 40 సెకన్ల వీడియో. అది హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినండి.

ఇట్లు,
13 టికెట్ల కొనుగోలుదారుల తరఫున