పాతకాలపు బొమ్మకు మరకలు అక్కర్లేదు

సంపాదకులు గారికి,

ఆర్యా,

తిరుపతిలో కొత్తగా తెరుస్తున్న కాఫీ కొట్లకూ టిఫిన్ హోటళ్ళకూ, చిత్తూరు వైపు నుంచి వచ్చే మామిడి తాండ్ర, బెల్లం పొట్లాలకూ ఇప్పుడు ‘పాతకాలపు బొమ్మ’ కావాలంటున్నారు. సంతోషమే. కానీ జరుగుతున్నదేమిటి? కంప్యూటర్లో నున్నటి బొమ్మ ఒకటి తీసుకుని, దాని మీద పసుపు మరకలు, గీకుళ్ళు, మడతల గుర్తులు చల్లుతున్నారు. అరవై ఏళ్ళ కిందటి లేబులు అచ్చాఫీసులోంచి బయటికొచ్చిన రోజున దాని మీద ఒక్క మరకా లేదు. ఆ కాలపు రూపమంతా అచ్చు పద్ధతిలో ఉంది.

పత్రికలో ప్రకటన పడాలంటే బొమ్మను ఫొటో తీసి, జింకు రేకు మీదికి ఎక్కించి, ఆమ్లంతో తినిపించి లైను బ్లాకు అనే అచ్చు దిమ్మ చేసేవారు. లైను బ్లాకుకు నలుపూ తెలుపే తెలుసు, బూడిదరంగు తెలియదు. నీడల్ని చుక్కలుగా విడగొట్టే హాఫ్‌టోన్ బ్లాకు ఉన్నా, ఇంకు పీల్చేసే న్యూస్‌ప్రింట్ మీద ముతక చుక్కలే నిలిచేవి, ముఖాలు మసిబారేవి. అందుకే సబ్బు ప్రకటనలో చెంప మీది నీడ నుంచి చీర మడత దాకా అన్నీ గీతతోనే చెప్పాల్సి వచ్చింది. లావుగా మొదలై సన్నగా తేలిపోయే కుంచె గీతకు అంత పని పడింది అందుకే. దేవుడి క్యాలెండర్ల సంగతి వేరు. తమిళనాడులోని కోవిల్‌పట్టిలో కొండయ్యరాజు, ఆయన శిష్యులు వేసినవి రంగులతో తీర్చిన పెయింటింగులు. రెంటినీ కలిపేసి ‘రెట్రో’ అనేస్తే ఏదీ కుదరదు.

ఈ కుంచె గీత పని నేర్చుకోవాలనుకునే కుర్రవాళ్ళకు మొదటి దెబ్బ కాగితం దగ్గరే తగులుతుంది. జిరాక్సు కాగితం మీద కుంచె పెడితే గీతకు రెండు పక్కలా వెంట్రుకల్లాంటి కాళ్ళు వస్తాయి. శ్రీకాళహస్తి కలంకారీ వారికి ఇది కొత్త కాదు. బట్టను కరక్కాయ, గేదెపాలలో తడిపి ఆరబెట్టాకే కసిమి అనే నల్లరంగు పెడతారు. పాలలోని కొవ్వు లేకపోతే నలుపు పాకిపోతుంది. కాగితంలో ఆ పని చేసేది తయారీలో కలిపే జిగురు. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల) నున్నటి ఐవరీ కార్డు గానీ బ్రిస్టల్ బోర్డు గానీ వాడితే చాలు. కొనేముందు మూల మీద ఒక గీత గీసి చూసుకోవాలి. నవంబరు వానల్లో కార్డు చెమ్మ పీల్చుకుంటే మంచి కాగితమూ మోసం చేస్తుంది. ప్లాస్టిక్ కవరులో దాచండి.

ఇంకు వాటర్‌ప్రూఫ్ నల్ల డ్రాయింగ్ ఇంకు. మే నెల ఎండలకు, అందులోనూ ఫ్యాను కింద, సీసా తెరిచిన గంటలో చిక్కబడుతుంది, గీత మధ్యలో తెగుతుంది. చిన్న మూతలోకి కొంచెం కొంచెం వంచుకుని, చిక్కబడితే ఒకటి రెండు చుక్కల డిస్టిల్డ్ వాటర్ కలపాలి. అంతకు మించితే నలుపు గోధుమరంగుకు తిరుగుతుంది.

కుంచె గుండ్రటిది, 2 లేదా 3వ నంబరు, సేబుల్ అనే జంతు వెంట్రుకలది. ఖరీదే. నైలాను కుంచె నాలుగు రోజులు బాగుంటుంది, తర్వాత మొన కొక్కెంలా వంగిపోతుంది. కొనేటప్పుడు నీళ్ళలో ముంచి ఒక్కసారి విదిలిస్తే ఒకే మొనగా కూడాలి, రెండుగా చీలితే అక్కడే వదిలేయండి. ఇంకు వెంట్రుకల సగం దాకానే ముంచాలి. వెంట్రుకల్ని పట్టి ఉంచే రేకు మొదట్లోకి ఇంకు చేరి ఎండిందంటే అందులోని లక్క గట్టిపడి వెంట్రుకల్ని విప్పదీస్తుంది, ఆ కుంచె మళ్ళీ మొన కట్టదు. పావుగంటకోసారి కడగాలి. పని అయ్యాక ఒంటి సబ్బుతో రుద్ది, మొన తీర్చి, పడుకోబెట్టాలి. వేడినీళ్ళు పనికిరావు.

బొమ్మను అచ్చయ్యే సైజుకు ఒకటిన్నర రెట్లు వేయాలి. పది సెంటీమీటర్ల లేబులుకు పదిహేను. చిన్నది చేసినప్పుడు చిన్న వణుకులు మాయమవుతాయి, కానీ సన్నగీతలూ అలాగే మాయమవుతాయి. గుడ్డసంచి మీద స్క్రీన్ ప్రింటింగైతే అచ్చులో అర మిల్లీమీటరు కన్నా సన్నని గీతను నమ్మకండి. నీడకు వేసే పక్కపక్క గీతల మధ్య సందులు కూడా పూడిపోతాయి. ఆ సందు గీతంత వెడల్పైనా ఉండాలి.

పెన్సిలు గీతను నత్తలా అనుసరిస్తూ ఇంకు పెడితే బొమ్మ చచ్చిపోతుంది. చిటికెన వేలు కాగితం మీద ఆనించి, చెయ్యంతా కదిలిస్తూ, గీతను మీ వైపు లాగండి. వంపు తిరగాల్సినచోట చేతికి బదులు కాగితాన్ని తిప్పండి. వెలుగు పడే వైపు సన్నగా, నీడ వైపు లావుగా. జడ, కోటు, మామిడి బుట్ట లోపలి చీకటి లాంటి నిండు నలుపులు ఎక్కడ పడాలో ముందే తేల్చుకోవాలి. ఈ ధైర్యం లేకే చాలా బొమ్మలు రంగులు వేసుకునే పిల్లల పుస్తకంలా తేలిపోతున్నాయి.

పెన్సిలు లేతనీలం అయితే మేలు. పాత బ్లాకు కెమెరాకు లేతనీలం కనబడేది కాదు, ఇప్పటి స్కానింగులో కూడా దాన్ని తేలిగ్గా తీసేయొచ్చు. రబ్బరు రుద్దితే నలుపు వెలిసిపోతుంది. తప్పు పడితే చిక్కటి తెల్ల పోస్టర్ కలరు.

రంగులు రెండు, మహా అయితే మూడు. ఒక్కో రంగుకు ఒక్కో ట్రేసింగ్ కాగితం, దాని మీదా నల్ల ఇంకే. రంగులు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవడానికి నాలుగు మూలలా కూడిక గుర్తులు. రంగు అంచు నల్లగీత కిందికి అర మిల్లీమీటరు చొరబడాలి, లేకపోతే కాగితం జరిగినప్పుడు తెల్లసందు తేలుతుంది. పసుపు మీద ఎరుపు పడితే నారింజ ఉచితంగా వస్తుంది. రంగు గీత దాటిపోవడాన్ని ఇప్పుడు కావాలని పెడుతున్నారు. పాత అచ్చాఫీసు వారు ఆ తప్పుకు బిల్లు తగ్గించుకునేవారు!

అక్షరాలు కూడా చేత్తోనే రాయాలి. తెలుగుకు ఒత్తులున్నాయి. ‘చిత్తూరు’ అని రాయడానికే త-ఒత్తుకు కిందన చోటు కావాలి. ఇంగ్లీషు లెక్కన వరసలు దగ్గరగా పెడితే ఒత్తు కింది వరస గుడిని పొడుస్తుంది. ‘శ్రీ’లో సందులు ముందుగా పూడేచోట్లు చూసుకుని అక్కడ గీత సన్నం చేయాలి.

చివరికి పని పాడయ్యేది ఎక్కువగా వాట్సాప్‌లో. సెల్‌ఫోను ఫొటో పంపితే నలుపు బూడిదై, అచ్చులో చుక్కలుగా విరిగి, అంచులు రంపపు పళ్ళవుతాయి. 1200 డీపీఐలో (అంగుళానికి 1200 చుక్కలు) స్కాన్ చేసి, నలుపు తెలుపులుగా మాత్రమే మార్చి, టిఫ్ ఫైలు ఇవ్వండి. అచ్చాఫీసు వారు ఆ గీతను నల్ల ఇంకు ఒక్కదాంతోనే వేయాలి. నాలుగు రంగులు కలిపి నలుపు చేస్తే గీత చుట్టూ ఎర్రటి, నీలపు అంచు కనిపిస్తుంది, మేం మూడు రోజులు కూర్చుని తీసిన మొన అక్కడ పోతుంది.

ఇట్లు,
కుంచె పని చేసే కొందరు కమర్షియల్ ఆర్టిస్టులు,
తిరుపతి