బంకమట్టి మీద యాభై అయిదంతస్తులు

ఒరేయ్ శీనూ,

సింగపూర్ మెరీనా బే శాండ్స్ హోటల్ మూడు టవర్ల పైన ఆ ఓడలాంటిది ఎలా నిలబడిందని అడిగావు కదా, ఫోన్లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదది. ఓడ సంగతి తర్వాత. నన్నడిగితే, అక్కడ అసలు గొప్ప పని ఎవరి ఫోటోలోనూ పడని చోట, నేల కింద జరిగింది.

అక్కడ ఒకప్పుడు సముద్రం. ఇసుక పోసి పూడ్చారు. ఆ ఇసుక కింద మెరైన్ క్లే, అంటే నీళ్లు నిండిన మెత్తటి బంకమట్టి. బరువు పడితే ఏళ్ల తరబడి కుంగుతూనే ఉంటుంది. అందుకే టవర్ల బరువును పైల్స్, అంటే నేలలోకి లోతుగా దించిన స్తంభాలు, ఆ మట్టి దాటించి కిందున్న గట్టి పొరకు చేరుస్తాయి. ఇది ఎవరైనా చేసేదే.

చిక్కంతా తవ్వకంతోనే. ముందు గొయ్యి చుట్టూ నేలలో కాంక్రీటు గోడ, డయాఫ్రమ్ వాల్, దించుతారు. లోపలి మట్టి తీసేకొద్దీ బయటి మట్టి గోడను లోపలికి నెడుతుంది. మామూలుగా అయితే ఈ గోడకీ ఆ గోడకీ మధ్య ఉక్కు స్ట్రట్లు అడ్డం పెడతారు. ఆ ఊళ్లోనే, 2004 ఏప్రిల్ 20న, నికోల్ హైవే పక్కన మెట్రో తవ్వకంలో ఆ స్ట్రట్ల జాయింట్లే దెబ్బతిన్నాయి. ఒక వరస పోయేసరికి దాని భారమంతా మిగతా వాటి మీద పడి రోడ్డుతో సహా కూలిపోయింది. నలుగురు పోయారు. తన పనివాళ్లను బయటికి పంపించిన ఫోర్‌మన్ శరీరం చివరికి దొరకనే లేదు. అది తలుచుకుంటే నాకిప్పటికీ కడుపులో దేవినట్టుంటుంది.

కొన్నేళ్లకే ఈ హోటల్ ప్రాజెక్టు వచ్చింది. ఇంజనీర్లు ఏం చేశారో తెలుసా? తవ్వకంలో పెద్ద భాగాలకు గోడను గుండ్రంగా కట్టారు. ఒక వలయం అడ్డకొలతే 120 మీటర్లు! బావికి ఒరలు దించినట్టే అనుకో. మట్టి అన్ని వైపుల నుంచీ నొక్కితే వలయం ఇంకా బిగుసుకుంటుంది. నొక్కుడును తట్టుకోవడంలో కాంక్రీటు దిట్ట. మధ్యలో స్ట్రట్లే అక్కర్లేదు, యంత్రాలు హాయిగా తిరగొచ్చు. కాకపోతే ఒక పక్కే లోతుగా తవ్వేస్తే ఒత్తిడి సమానంగా ఉండదు, వలయం కోడిగుడ్డు ఆకారానికి తిరిగి గోడ వంగడం మొదలవుతుంది. అందుకే చుట్టూ సమంగా తవ్వుకుంటూ, గోడ ఎంత కదిలిందో కొలుచుకుంటూ దిగాలి. నాకు ముచ్చటేసేది ఇక్కడే, ఏ ఉక్కూ అదనంగా పెట్టకుండా, ఉత్త ఆకారంతోనే మట్టిని ఆపారు!

ఇక నీ ఓడ. పొడవు 340 మీటర్లు, ఒక చివర 66 మీటర్లు గాల్లోకి పొడుచుకొచ్చి ఉంటుంది. గాలికి మూడు టవర్లూ దేనికది ఊగుతాయి కనుక, వాటి మధ్య ఓడలో కదలికకు వీలుగా జాయింట్లు వదిలారు. కిందెంత జాగ్రత్తపడినా కట్టడం కొంతైనా కుంగుతుందని వాళ్లకు తెలుసు. ఓడ మీదున్న స్విమ్మింగ్ పూల్ ఒక పక్కకు ఒరిగితే నీళ్లు అంచు దాటి పోతాయి. అందుకని దాని కింద దాదాపు 500 జాకీలు పెట్టారు, కావాల్సినప్పుడు మట్టం సరిచేసుకోవడానికి.

టవర్ల కాళ్లు 26 డిగ్రీల దాకా వాలి ఎలా నిలిచాయన్నది పెద్ద కథ, వచ్చే ఉత్తరంలో బొమ్మ గీసి మరీ చెప్తా. చెల్లెమ్మని, పిల్లల్ని అడిగానని చెప్పు.

నీ
మురళి