ఆటలమ్మను, సర్పిని తొలి రోజుల్లోనే గుర్తుపట్టిన మీ అందరికీ కృతజ్ఞతలు

హాస్టల్లో ఆటలమ్మ ఒకరి నుంచి ఒకరికి పాకుతున్నప్పుడు మా ఆరోగ్య కేంద్రానికి అండగా నిలిచిన వార్డెన్ గారికి, ఆశా కార్యకర్తలకు, ఏఎన్ఎంలకు, వంటవాళ్లకు మనస్ఫూర్తిగా ధన్యవాదాలు. మందులు మేమిచ్చాం గానీ, జబ్బును ముందు పట్టింది మీరే.

జ్వరం వచ్చిన ప్రతి పిల్లకూ, పిల్లాడికీ ఛాతీ, వీపు, మాడు, నోటి లోపల కూడా చూశారు. ఆటలమ్మ ఎక్కువగా మొదలయ్యేది ఒంటి మీదా, ముఖం మీదా. చేతులు మాత్రమే చూసి దోమకాట్లనుకుంటే జబ్బు చేయి దాటిపోతుంది. ఎర్ర మచ్చ, పొక్కు, నీటిబుగ్గ, చెక్కు (బుగ్గ ఎండి కట్టే పొర), ఇవన్నీ ఒకేచోట కలిసి ఉన్నాయని మీరు ఫోన్లో చెప్పగానే మాకు అనుమానం దాదాపు తీరిపోయింది. మూడు నాలుగు రోజుల పాటు విడతలుగా లేస్తాయి కాబట్టే అలా కలగలుపుగా ఉంటాయి. తట్టులో నీటిబుగ్గలుండవు, దగ్గు, ముక్కు కారడం, కళ్లెర్రబడటం ముందే వస్తాయి. గజ్జిలో జ్వరం రాదు, వేళ్ల సందుల్లో దురద రాత్రిపూట పెరుగుతుంది.

వార్డెన్ గారు పిల్లలను విడిగా ఉంచిన తీరుకు ప్రత్యేక ధన్యవాదాలు. పొక్కులు లేవడానికి 1–2 రోజుల ముందే అంటుకోవడం మొదలవుతుంది. కొత్తవి ఆగాయని తరగతికి పంపకూడదు, ఆఖరి బుగ్గ కూడా చెక్కు కట్టాలి. జ్వరానికి పారాసెటమాల్ మాత్రమే ఇచ్చి, ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ దరిచేరనివ్వలేదు. వేపాకు పక్కన పెట్టుకున్నా ఇబ్బంది లేదు, స్నానం మాన్పించి గోళ్లు పెరగనిస్తేనే గోకిన చోట చీము పడుతుంది. మీరు రోజూ గోరువెచ్చటి నీళ్లు పోయించారు, గోళ్లు తీయించారు.

పెద్దవాళ్లను సర్పితో తీసుకొచ్చిన కుటుంబాలకు మరింత రుణపడి ఉన్నాం. చిన్ననాటి ఆటలమ్మ వైరస్ నరాల మూలాల్లో దాగి, ఏళ్ల తర్వాత సర్పిగా లేస్తుంది. ముందు ఒక పక్కనే మంట, సూదులు గుచ్చినట్టు నొప్పి వస్తాయి. ఛాతీలో అయితే గుండెనొప్పి అనీ, నడుములో అయితే కిడ్నీ రాయి అనీ అనుకుంటారు. కొన్ని రోజులకు అదే పక్క పట్టీలా బుగ్గలు లేస్తాయి, సాధారణంగా శరీరం మధ్య గీత దాటవు. పొక్కులు కనిపించిన 72 గంటల్లోపు వైరస్ మందు మొదలుపెడితే మేలు ఎక్కువ. ఎసైక్లోవిర్ 800 మి.గ్రా. రోజుకు 5 సార్లు, 7 రోజులు. కిడ్నీ జబ్బుంటే మోతాదు డాక్టరు తగ్గిస్తారు. పసర్లకు వెళ్లి వారం పోగొడితే మచ్చలు మానినా నెలల తరబడి మంట మిగిలిపోవచ్చు. ముక్కు కొన మీద బుగ్గ చూసి ఆ రోజే కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లిన ఆశా అక్కకు నమస్కారాలు, అది కంటికి ప్రమాద సూచన.

గర్భిణులు, క్యాన్సర్ చికిత్సలో ఉన్నవాళ్లు, స్టెరాయిడ్లు వాడేవాళ్లు రోగి దగ్గరికి వెళ్లి ఉంటే పొక్కుల కోసం ఎదురుచూడకుండా మాకు చెప్పండి. ఆయాసం, మగత, నడకలో తూలడం కనిపిస్తే 108కి ఫోన్ చేయండి. హాస్టల్లో చివరి పొక్కు చెక్కు కట్టిన రోజు నుంచి 21 రోజుల దాకా మీ ఒంటి పరీక్ష ఆపకండి.