బాపు పలక మళ్లీ లేచింది

అరేయ్ మామా,

ఎట్లున్నవ్? పండక్కి వస్తానని రానే లేదు, నీ కోసం దాచిన సకినాలు డబ్బాలోనే మెత్తబడ్డాయి. సరే, ఆ పంచాయితీ తర్వాత.

బాపు లాప్‌టాప్ గుర్తుందా? పది అంగుళాల తెర, సీడీ పెట్టే చోటే ఉండదు, మనం పలక అని ఎగతాళి చేసేవాళ్లం. పోయిన వారం నల్ల తెర మీద ‘బూట్ఎంజీఆర్ ఈజ్ మిస్సింగ్’ అని చూపించి ఆగిపోయింది. విండోస్‌ను లేపే ఫైలు దానికి దొరకట్లేదన్నమాట. ఎనుమాముల మార్కెట్లో పత్తి, మిర్చి అమ్మిన లెక్కలన్నీ అందులోనే. హన్మకొండలో ఒక షాపతను చూసి, "బయట పెట్టే సీడీ డ్రైవ్ కొనాలి, మొత్తం ఫార్మాట్ కొట్టాలి" అన్నాడు. బాపు నా చెయ్యి పట్టుకుని, "అండ్ల నా లెక్కలున్నయి బిడ్డా" అన్నాడు. ఇంటికి తెచ్చేశాను.

ముందు లెక్కలు బయటికి తీయాలి. నవ్వకు, విండోస్‌కు బదులు నడిచే లినక్స్‌ను మొత్తం ఒకే ఫైలుగా (ఐఎస్ఓ) దింపుకుని, పాట ఎక్కించినట్టు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేశాను. లేవలేదు. పెన్‌డ్రైవ్ నుంచి కంప్యూటర్ లేచేలా చేసే రూఫస్ అనే ప్రోగ్రామ్‌తో రాయాలట. రాశాను. ఈసారి 64 బిట్ ప్రాసెసర్ కావాలని తిట్టింది. బాపు దాంట్లో ఉన్న ప్రాసెసర్ ఆటమ్ ఎన్270, అది 32 బిట్‌దే, ర్యామ్ 1 జీబీ. చివరికి యాంటిఎక్స్ అనే తేలికైన లినక్స్‌లో 32 బిట్‌ది పట్టుకొచ్చి, బయోస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల తెరలో) యూఎస్‌బీని మొదటి వరుసలోకి జరిపితే లేచింది. ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ మీదనే నడిపి, లెక్కల ఫోల్డరును ఇంకో పెన్‌డ్రైవ్‌లోకి లాగేశాను. ఆ రాత్రే నిద్ర పట్టింది.

అప్పుడు కనబడింది అసలు సంగతి: హార్డ్ డిస్కులో విండోస్ చూపించని ఇంకో పార్టిషన్, అంటే విడిగా కోసిన భాగం. కంపెనీ వాళ్లు అమ్మేటప్పుడే విండోస్ 7 స్టార్టర్‌ను (విండోస్ 7లో చిన్న రకం) అందులో మడిచి పెట్టారు! సీడీ ఎందుకు, పెన్‌డ్రైవ్ ఎందుకు? బయోస్‌లో డీ2డీ రికవరీ (డిస్కులో దాచిన దాన్నే మళ్లీ ఎక్కించే ఏర్పాటు) ఆన్ చేసి, లేచేటప్పుడు ఆల్ట్, ఎఫ్10 కలిపి నొక్కితే చాలు. నీ దగ్గర మూలకు పడి ఉన్న పలకకు ఎఫ్9 కావచ్చు, ఎఫ్11 కావచ్చు, కంపెనీని బట్టి మారుతుంది. కానీ ఇది సీ డ్రైవ్‌ను తుడిచేస్తుంది, అందుకే లెక్కలు ముందు తీసుకో అంటున్నా. అడుగున స్టిక్కర్ మీది విండోస్ కీ నంబరు అరిగిపోయినా పర్లేదు, నాకైతే అడగలేదు.

బ్యాటరీ ఎప్పుడో చచ్చింది కాబట్టి నడుమ కరెంటు పోతే అంతే సంగతులు. ఎదురింటి ఇన్వర్టర్ నుంచి వైరు లాగి, చాయ్ మీద చాయ్ తాగుతూ కాపలా కూర్చున్నాను.

విండోస్ 7కు 2020 జనవరిలోనే అప్‌డేట్లు ఆగిపోయాయి, అందుకే నెట్ కలపలేదు. బాపుకు లెక్కలు చాలు. ఒక్కటే గొడవ: తెర మీద భద్రకాళి అమ్మవారి ఫొటో పెట్టమన్నాడు, స్టార్టర్‌లో వాల్‌పేపర్ మార్చనివ్వదు. ఫెవికాల్ తెచ్చి, మూత మీద తనే అతికించుకున్నాడు.

ఉగాదికైనా రా. నీ పలక కూడా పట్టుకురా.

నీ మామ