తుంటి విరిగిన పెద్దల ఫ్రెయిల్టీ అంచనాలో చేయి కలిపిన అందరికీ కృతజ్ఞతలు

తుంటి ఎముక విరిగి చేరే పెద్దవాళ్ల ఫ్రెయిల్టీ (వయసుతో ఒంట్లో సత్తువ, తట్టుకునే శక్తి తగ్గిపోవడం) అంచనా సరిగ్గా సాగేందుకు సాయపడిన నర్సులకు, ఫిజియోలకు, మత్తు డాక్టర్లకు, వీళ్లందరికంటే ముందు రోగుల ఇంటివాళ్లకు మా ఆర్థో వార్డు బృందం మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు చెప్పుకుంటోంది.

ఇంటివాళ్లను ముందు తలుచుకోవడానికి కారణం ఉంది. తుంటి విరిగిన మనిషిని నడిపించి చూడలేం, కుర్చీలోంచి లేపీ చూడలేం. నడక వేగం మీద ఆధారపడ్డ పరీక్షలేవీ ఇక్కడ పనికిరావు. అందుకే 1 నుంచి 9 దాకా ఉండే క్లినికల్ ఫ్రెయిల్టీ స్కేల్ వాడతాం; అంకె పెరిగేకొద్దీ బలహీనత ఎక్కువని అర్థం. ఆ అంకె ఇప్పుడు మంచంలో ఉన్న మనిషికి కాదు, పడడానికి రెండు వారాల ముందున్న మనిషికి వేయాలి. కదల్లేక మూలుగుతున్న పెద్దావిడను చూసి 7 వేసేయడం తరచూ జరిగే తప్పు. స్నానం, బట్టలు, తిండి అన్నీ ఆవిడే చూసుకునేవారనీ, బ్యాంకు పనికీ ప్రయాణానికీ బరువు పనులకీ మాత్రమే మనిషి తోడు కావాల్సి వచ్చేదనీ కూతురు చెప్పాక అది 5 అని తేలుతుంది. “బాగానే ఉండేవారండీ” అన్న జవాబుతో ఆగిపోకూడదు. “అమ్మగారికి స్నానం ఎవరైనా చేయించేవారా? మాత్రలు ఎవరు తీసిచ్చేవారు? మెట్లు ఎక్కేవారా?” అని విడివిడిగా అడగాలి. అర్ధరాత్రి ఫోన్ చేసినా విసుక్కోకుండా ఇవన్నీ చెప్పిన కొడుకులకు, కోడళ్లకు, కూతుళ్లకు ఎంతో రుణపడి ఉన్నాం.

నైట్ డ్యూటీ నర్సులకు ప్రత్యేకంగా చెప్పాలి. డెలీరియం, అంటే హఠాత్తుగా వచ్చే మతి గందరగోళం, ఉందేమో చూసే 4ఏటీ పరీక్ష చేసేది వాళ్లే. అందులో నాలుగు విషయాలు చూస్తారు. మెలకువ ఎలా ఉంది. వయసు, పుట్టినతేదీ, ఉన్నచోటు, ఏ సంవత్సరం. డిసెంబరు నుంచి నెలలు వెనక్కి చెప్పగలరా. ఈమధ్య హఠాత్తుగా మార్పు వచ్చిందా. మొత్తం మార్కులు 4 గానీ అంతకుమించి గానీ వస్తే డెలీరియం ఉండొచ్చు. కేకలు వేసే రోగిని ఎవరైనా గమనిస్తారు. చప్పుడు లేకుండా గోడవైపు తిరిగి పడుకుని, పెట్టిన పళ్లెం ముట్టని రోగే తప్పిపోతారు. అలాంటివాళ్లను పట్టుకున్నది ఈ నర్సులే. పరీక్షకు ముందు కళ్లజోడు, వినికిడి మిషను పెట్టించాలని పట్టుబట్టిందీ వాళ్లే. వినపడక చెప్పలేకపోతే అది మతిమరుపుగా లెక్కలోకి ఎక్కేస్తుంది.

2008లో వచ్చిన నాటింగ్‌హామ్ హిప్ ఫ్రాక్చర్ స్కోరు 30 రోజుల్లో ప్రాణాపాయం ఎంతో అంచనా కడుతుంది. వయసు 66–85 అయితే 3 పాయింట్లు, 86 గానీ అంతకుమించి గానీ ఉంటే 4. మగవాళ్లయితే 1. హిమోగ్లోబిన్ 10 గానీ అంతకు తక్కువ గానీ ఉంటే 1. పదింటికి ఆరో అంతకు తక్కువో జ్ఞాపకశక్తి మార్కులు వస్తే 1, వృద్ధాశ్రమంలాంటి చోట ఉంటున్నవాళ్లకు 1, ఒకటికి మించి జబ్బులుంటే 1, గత 20 ఏళ్లలో క్యాన్సర్ వచ్చి ఉంటే 1. హిమోగ్లోబిన్ దగ్గర మత్తు డాక్టర్ల హెచ్చరిక చాలా విలువైనది. నీళ్లు తాగకుండా గంటలకొద్దీ నేలమీద పడి ఉన్నవాళ్లకు రక్తం చిక్కబడి మొదటి రిపోర్టు బాగానే కనిపిస్తుంది. సెలైన్ ఎక్కాక అసలు అంకె బయటపడుతుంది. కీలు తిత్తికి బయట విరిగితే లోపల కారిన రక్తం ఇంకా ఎక్కువ. కాబట్టి మళ్లీ పరీక్ష చేయాల్సిందే.

ఈ స్కోరులో నడక ఊసే లేదు. “మళ్లీ నడుస్తారా?” అన్న ఇంటివాళ్ల ప్రశ్నకు ఫిజియోలు వేసే పార్కర్ స్కోరు దగ్గరగా ఉంటుంది: ఇంట్లో, బయట, కొనుగోళ్లకు ఎలా తిరిగేవారో చూసి ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 9.

ఏ స్కోరు ఎంత చెడ్డగా వచ్చినా అది ఆపరేషన్ మానేయడానికి సాకు కాకూడదు. నొప్పి తగ్గి, మంచంలో కూర్చోబెట్టి ఒళ్లు తుడవగలగాలన్నా చాలామందికి ఆపరేషనే దారి. ఎవరికి ముందుగా నొప్పి బ్లాకు (నొప్పి తెలియకుండా నరం దగ్గర ఇచ్చే మత్తు ఇంజక్షన్) ఇవ్వాలో, ఎవరి తిండి మీద కన్నేయాలో, ఇంటివాళ్లతో ఏ మాట దాచకుండా చెప్పాలో తేల్చుకోవడానికే ఈ అంకెలు.

చివరగా, షీటులో అంకె పక్కన “ఎవరు చెప్పారు, రోగితో కలిసి ఉంటున్నారా” అనే గడి చేర్చమన్న సిస్టర్లకు ధన్యవాదాలు. పండక్కి మాత్రమే వచ్చే బంధువు చెప్పిన 3కీ, రోజూ అన్నం పెట్టే మనిషి చెప్పిన 5కీ తేడా ఆ గడిలోనే తెలుస్తోంది.